రిసెప్టర్ పాజిటివ్, నెగెటివ్ అంటే ఏంటి? క్యాన్సర్ కణం పైపొర గురించి పదే పదే అడిగే ప్రశ్నలు

బయాప్సీ స్లైడ్లు చూసే పని నాది. రిపోర్టు ఇచ్చాక ఫోన్ చేసేవాళ్లు దాదాపు ఇవే అడుగుతారు, ఒక్కోసారి ఇవే మాటల్లో. చెప్పీ చెప్పీ చివరికి ఒకచోట రాసి పెడదామనిపించింది. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. మందు మోతాదుల జోలికి మాత్రం పోలేదు, అది మీ ఆంకాలజిస్ట్ చూసుకునే పని.

## రిపోర్టుకు ముందు తెలియాల్సింది

రిసెప్టర్ అంటే ఏంటండీ? అది క్యాన్సర్ ఉంటేనే ఉంటుందా?

కాదు, ఆరోగ్యంగా ఉన్న కణాలకీ ఉంటుంది. కణం చుట్టూ పల్చటి కొవ్వు పొర ఒకటి ఉంటుంది, అందులో గుచ్చుకుని కూర్చున్న ప్రోటీన్లే ఇవి, ఒక కొస బయటికి, ఒక కొస లోపలికి. బయట ఏదైనా హార్మోనో, పెరుగుదల ప్రోటీనో వచ్చి తగిలితే ఆ కబురు లోపలికి చేరవేస్తాయి. చర్మం మీద గాయం మానేది కూడా ఇలాంటి కబుర్ల వల్లే. స్టాన్లీ కోహెన్ అనే శాస్త్రవేత్త ఎలుకల లాలాజల గ్రంథుల నుంచి తీసిన పదార్థాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకి ఎక్కిస్తే, వాటి కళ్లు మామూలు కంటే ముందే తెరుచుకున్నాయి, పళ్లు కూడా తొందరగా వచ్చాయి. ఆ పదార్థమే ఈజీఎఫ్, అది తగిలే రిసెప్టరే ఈరోజు ఊపిరితిత్తుల క్యాన్సర్ రిపోర్టుల్లో కనిపించే ఈజీఎఫ్ఆర్. కోహెన్‌కి 1986లో నోబెల్ వచ్చింది, రీటా లెవీ-మోంటాల్చినీతో కలిపి.

బయట తగిలితే లోపల కణానికి ఎలా తెలుస్తుంది?

చాలా రిసెప్టర్లు ఒంటరిగా పనిచేయవు. బయట ఈజీఎఫ్ లాంటిది అతుక్కోగానే రెండు రిసెప్టర్లు దగ్గరికి జరిగి జత కడతాయి, లోపలి కొసలు ఒకదానికొకటి ఫాస్ఫేటు తగిలించుకుంటాయి, అది చూసి లోపలి ప్రోటీన్లు ఒకదాని తర్వాత ఒకటి మేలుకుంటాయి. రాస్, రాఫ్, మెక్, ఎర్క్ అని ఒక వరుస, పీఐ3కే, ఏకేటీ అని ఇంకో వరుస. చివరికి ఆ కబురు కేంద్రకంలో ఉన్న జీన్ల దాకా వెళ్లి 'విభజన చెందు' అని చెబుతుంది. పని అయ్యాక కణం ఆ రిసెప్టర్‌ని లోపలికి లాక్కుని అరగదీసేస్తుంది. ఈ ఆపేసే పనిని జనం పట్టించుకోరు గానీ, సగం కథ అక్కడే ఉంది.

మరి క్యాన్సర్‌లో రిసెప్టర్ ఏం తేడా చేస్తుంది?

ఒకటి, సంఖ్య పెరిగిపోవడం. మామూలు రొమ్ము కణం మీద హెర్2 రిసెప్టర్లు సుమారు 20 వేలు ఉంటే, హెర్2 పాజిటివ్ క్యాన్సర్ కణం మీద 20 లక్షల దాకా ఉండొచ్చు, అన్ని ఉంటే ఎవరూ పిలవకుండానే ఒకదానికొకటి తగులుకుని జత కట్టేస్తాయి. ఇంకోటి, సంఖ్య మామూలుగానే ఉన్నా జీన్‌లో అక్షరం తప్పు పడి రిసెప్టర్ ఆకారం మారి, స్విచ్ వేసిన చోటే ఇరుక్కుపోవడం. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్‌తో ఎక్కువగా జరిగేది ఇది. మూడో రకంలో రిసెప్టర్ జీన్ తెగి వేరే జీన్‌తో అతుక్కుంటుంది, ఏఎల్‌కే అలాంటిది, దాన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో 2007లో కనిపెట్టారు. పేపరు మీద మూడూ 'పాజిటివ్' అనే వస్తాయి, తికమక మొదలయ్యేది అక్కడే.

హెర్2కి ఎందుకంత పేరు?

దాని తీరు వేరు. మిగతా రిసెప్టర్లకి బయట నుంచి ఏదో వచ్చి తగిలితే తప్ప చెయ్యి చాపవు, హెర్2 ఎప్పుడూ చెయ్యి చాచే ఉంటుంది, దానికంటూ తగిలే పదార్థం ఇంతవరకు దొరకలేదు. అందుకే పక్కన ఏ రిసెప్టర్ దొరికితే దాన్ని పట్టుకుంటుంది, ముఖ్యంగా హెర్3ని. అమెరికా డాక్టర్ డెనిస్ స్లామన్ బృందం 1987లో 189 మంది రొమ్ము గడ్డలు పరీక్షించి, హెర్2 జీన్ కాపీలు పెరిగిన వాళ్లలో జబ్బు తొందరగా తిరగబెడుతోందని చూపించింది. ఆ రిసెప్టర్ మీదకే తయారైన ట్రాస్టుజుమాబ్ అనే మందుకి 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. అంతకు ముందు 'హెర్2 పాజిటివ్' అంటే చెడ్డ కబురు, ఆ తర్వాత అదే మాట 'దీనికి మందుంది' అనే కబురైంది.

ఈస్ట్రోజెన్ రిసెప్టర్ కూడా కణం పైనే ఉంటుందా?

చాలామంది అలాగే అనుకుంటారు, కాదు. అది ప్రధానంగా కేంద్రకంలో ఉంటుంది. ఈస్ట్రోజెన్ కొవ్వులో కరిగే హార్మోను కాబట్టి పైపొర దాటుకుని తానే లోపలికి వెళ్లిపోతుంది, గుమ్మం దగ్గర ఎవరూ ఉండక్కర్లేదు. స్లైడ్ మీద కూడా తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌కి రంగు వేస్తే కణం మధ్యలోని కేంద్రకం గోధుమ రంగు చుక్కలా మారుతుంది, హెర్2కి వేస్తే కణం అంచు మాత్రమే గీతలా మారుతుంది. అందుకే టామాక్సిఫెన్ లాంటి హార్మోన్ మందులకీ, హెర్2 మందులకీ పోలిక పెట్టకండి, రెండూ పనిచేసే చోట్లు వేరు.

మా అమ్మకి హెర్2 పాజిటివ్. నాకూ వస్తుందా?

హెర్2 కాపీలు పెరగడం, ఈజీఎఫ్ఆర్ జీన్ మారడం లాంటివి దాదాపు ఎప్పుడూ ఆ గడ్డలోని కణాల్లో మధ్యలో వచ్చిన మార్పులే, పుట్టుకతో వచ్చి పిల్లలకి పోయేవి కావు. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చేవి బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 లాంటి జీన్ల మార్పులు. అవి వేరే టెస్టు, వేరే కారణం. కుటుంబంలో చిన్న వయసులోనే ఒకరికి మించి రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ టెస్టు గురించి అడగండి, హెర్2 రిపోర్టు చూసి మాత్రం కంగారు పడొద్దు.

## రిపోర్టు చేతికొచ్చాక

హెర్2 3+ అని రాసుంది. మూడో స్టేజీ వచ్చేసిందా?

నాకు వచ్చే ఫోన్లలో మొదటి స్థానం దీనిదే, అడిగేటప్పుడు గొంతు వణుకుతూ ఉంటుంది కూడా. కాదండీ, స్టేజీకీ దీనికీ సంబంధం లేదు. స్టేజీ అంటే జబ్బు ఎంత దూరం పాకింది అనేది. 3+ అంటే రంగు ఎంత గట్టిగా పట్టింది అనేది మాత్రమే. గడ్డ ముక్కని మైనంలో పెట్టి, ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గాజు పలక మీద అతికించి, హెర్2ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీ పోసి రంగు తెప్పిస్తాం. మైక్రోస్కోప్‌లో చూస్తే ప్రతి కణం చుట్టూ ముదురు గోధుమ గీత, గీతకి గీత కలిసి తేనెపట్టు గళ్లలా కనిపిస్తుంది. అలా చుట్టూ పూర్తిగా, గట్టిగా రంగు పట్టిన కణాలు 10 శాతానికి మించి ఉంటే 3+. గీత అక్కడక్కడా లేతగా, తెగిపోయి, కష్టపడి చూస్తే గానీ దొరక్కపోతే 1+, అసలు ఏమీ పట్టకపోతే 0. మొదటి స్టేజీలో ఉన్న చిన్న గడ్డ కూడా 3+ కావచ్చు, ఒళ్లంతా పాకింది 0 కావచ్చు.

2+ వచ్చింది, మళ్లీ ఫిష్ టెస్టు చేయాలంటున్నారు. అవసరమా?

అవసరమే. 2+ అంటే మేం అటో ఇటో చెప్పలేకపోతున్నామని ఒప్పుకోవడం. గీత ఉంది, కానీ లేతగా ఉంది. అప్పుడు ప్రోటీన్‌ని వదిలేసి నేరుగా జీన్ కాపీలు లెక్కపెడతాం, ఫిష్ అంటే అదే. చీకటి గదిలో, మెరిసే రంగుల వెలుగులో, ఒక్కో కేంద్రకంలో హెర్2 జీన్ చుక్కలు ఎన్ని, ఆ జీన్ ఉండే 17వ క్రోమోజోమ్ గుర్తు చుక్కలు ఎన్ని అని కణం కణం లెక్కేయడం. మామూలు కణంలో రెండూ రెండేసి ఉంటాయి. హెర్2 చుక్కలు గుత్తుల్లా కిక్కిరిసి ఉంటే లెక్కపెట్టక్కర్లేదు, చూడగానే తెలిసిపోతుంది. నిష్పత్తి 2 లేదా అంతకంటే ఎక్కువ ఉండి, కణానికి సగటున కనీసం 4 హెర్2 కాపీలు ఉంటే పాజిటివ్. ఈ టెస్టు వద్దనుకుంటే, మందు పనిచేసే మనిషికి మందు అందకపోవచ్చు, లేదంటే అక్కర్లేని మనిషికి ఏడాదిపాటు ఎక్కించొచ్చు.

'హెర్2 లో' అని కొత్తగా రాస్తున్నారు, అదేంటి?

1+ గానీ, 2+ వచ్చి ఫిష్‌లో నెగెటివ్ గానీ వస్తే ఆ పేరు. ఇన్నాళ్లూ వీళ్లందర్నీ నెగెటివ్ గంపలోనే వేసేవాళ్లం. కొద్దిపాటి హెర్2నే ఆధారం చేసుకుని కీమో మందుని లోపలికి మోసుకెళ్లే ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ వీళ్లలో కూడా పనిచేస్తుందని తేలాక, జబ్బు పాకిన రొమ్ము క్యాన్సర్‌లో 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. మామూలు ట్రాస్టుజుమాబ్ మాత్రం వీళ్లకి ఉపయోగపడదు. నిజం చెప్పాలంటే 0కీ 1+కీ మధ్య గీత గీయడం మా అందరికీ తలనొప్పే.

రెండు ల్యాబుల్లో రెండు రకాలుగా వచ్చింది. ఎవరిది తప్పు?

తప్పే అవ్వాలని లేదు. గడ్డ అంతా ఒకేలా ఉండదు, ఒక మూల 3+, ఇంకో మూల 1+ ఉన్నవి ఉంటాయి, సూదితో తీసింది ఏ మూలదో అన్నదాన్ని బట్టి మారుతుంది. రెండోది, ముక్కని ఎలా చూసుకున్నారు అనేది. ఒంట్లోంచి తీసిన గంటలోపే ఫార్మలిన్‌లో, అంటే ముక్క పాడవకుండా ఉంచే ద్రవంలో వేయాలి, అందులో కనీసం 6 గంటలు, ఎక్కువలో ఎక్కువ 72 గంటలు ఉండాలి. ఆపరేషన్ అయ్యాక ముక్క ట్రేలోనే ఉండిపోయినా, సెలవులొచ్చి డబ్బాలో నాలుగైదు రోజులు నానినా రంగు సరిగా పట్టదు. ఒకసారి నేను పనిచేసిన చోటే అలా ఆలస్యమైన ముక్కకి నెగెటివ్ రాసి, అనుమానం తీరక సూది బయాప్సీ మీద మళ్లీ చేస్తే పాజిటివ్ వచ్చింది, అప్పట్నుంచి డబ్బా మీద టైము లేకపోతే ఫోన్ చేసి అడగందే నేను స్లైడ్ ముట్టను. రిపోర్టులు తేడాగా వస్తే మైనం బ్లాకునే పంపి మూడోసారి చేయించడం మంచిది.

ట్రిపుల్ నెగెటివ్ అంటే ఆ కణాలకి ఏ రిసెప్టరూ లేనట్టేనా?

అలా కాదు. చూసిన మూడు, అంటే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్, హెర్2 లేవని మాత్రమే. ఆ కణం మీద వేరేవి బోలెడు ఉంటాయి. వాటిలో ట్రోప్2 అనే ప్రోటీన్‌ని గురి పెట్టే సాసిటుజుమాబ్ గొవిటెకాన్ ఇప్పటికే వాడుతున్నారు, కొందరికి కీమోతో పాటు ఇమ్యునోథెరపీ, అంటే ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకి ఉసిగొల్పే మందు ఇస్తారు.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ పాజిటివ్ అంటే రిసెప్టర్లు ఎక్కువున్నట్టా?

కాదు, ఇక్కడ లెక్క సంఖ్యది కాదు. జీన్‌లో ఫలానా మార్పు ఉందని అర్థం, ఎక్కువగా కనిపించేవి ఎక్సాన్ 19లో (ఎక్సాన్ అంటే జీన్‌లో ఒక భాగం) ఒక చిన్న ముక్క ఊడిపోవడం, ఎక్సాన్ 21లో ఎల్858ఆర్ అనే ఒక్క అక్షరం మార్పు. ఈజీఎఫ్ఆర్‌ని అడ్డుకునే గెఫిటినిబ్ అనే మాత్ర కొద్దిమందిలో మాత్రమే అద్భుతంగా పనిచేస్తూ మిగతావాళ్లలో ఏమీ చేయకపోవడం చూసి తలలు పట్టుకున్నాక, 2004లో ఈ మార్పులు బయటపడ్డాయి. పొగ తాగనివాళ్లలో, తూర్పు ఆసియా వాళ్లలో ఇవి ఎక్కువ. రిపోర్టులో 'ఈజీఎఫ్ఆర్ పాజిటివ్' అని ఊరుకోకుండా ఏ మార్పో రాసి ఉందేమో చూడండి, ఎందుకంటే ఎక్సాన్ 20లో అదనపు ముక్క చేరిన రకాల్లో చాలావాటికి మామూలు మాత్రలు సరిగా పనిచేయవు.

రక్తం తీసి చూస్తే సరిపోదా, బయాప్సీ ఎందుకు?

గడ్డ నుంచి రాలిన డీఎన్ఏ తునకలు రక్తంలో తిరుగుతుంటాయి, జీన్ మార్పులు వెతకడానికి అవి బాగానే పనికొస్తాయి. మార్పు కనిపిస్తే నమ్మొచ్చు. కనిపించకపోతే లేదని కాదు, గడ్డ తగినంత డీఎన్ఏ రాల్చలేదేమో. కణం అంచున రంగు ఎలా పట్టిందో చూడాలంటే మాత్రం కణమే కావాలి.

## మందు మొదలయ్యాక

పేరు చివర మాబ్, నిబ్ అని ఉంటాయి. తేడా ఏంటి?

మాబ్ అంటే యాంటీబాడీ. చాలా పెద్దది, సుమారు లక్షా యాభై వేల డాల్టన్ల బరువు (డాల్టన్ అంటే అణువుల బరువు కొలత), కణం లోపలికి దూరలేదు, అందుకే రిసెప్టర్ బయటి కొసకి అతుక్కుంటుంది. మాత్రగా మింగితే పొట్టలో అరిగిపోతుంది కాబట్టి సెలైన్‌లోనో, చర్మం కిందో ఇస్తారు. నిబ్ అంటే బుల్లి అణువు, సుమారు ఐదొందల డాల్టన్లు, మాత్రగా వేసుకుంటే పొర దాటుకుని వెళ్లి రిసెప్టర్ లోపలి కొసలో ఫాస్ఫేటు తగిలించే చోట కూర్చుంటుంది. ఒకటి తలుపు బయట అడ్డం నిలబడితే, ఇంకోటి లోపల వైరు పీకుతుంది అనుకోండి. మాబ్ అన్నవన్నీ క్యాన్సర్ రిసెప్టర్ మీదే పనిచేస్తాయని మాత్రం కాదు, బెవాసిజుమాబ్ రిసెప్టర్‌ని ముట్టుకోదు, దానికి తగలబోయే వీఈజీఎఫ్‌నే, అంటే రక్తనాళాల్ని పెంచే ప్రోటీన్‌నే దారిలో పట్టేస్తుంది.

కీమో మందునే యాంటీబాడీకి కట్టి పంపుతారట, నిజమా?

నిజమే, ఏడీసీలు అంటారు. యాంటీబాడీ వెళ్లి రిసెప్టర్‌కి అతుక్కుంటుంది, కణం అలవాటు కొద్దీ రిసెప్టర్‌ని లోపలికి లాక్కుంటుంది, దాంతో పాటే విషమూ లోపలికి పోతుంది, అక్కడ కట్టు తెగి పనిచేస్తుంది. రిసెప్టర్ ఇక్కడ పెరుగుదలకి కారణం కానక్కర్లేదు, తలుపుగా ఉంటే చాలు, హెర్2 తక్కువున్నా పనిచేయడానికి కారణం అదే. గురి పెట్టిన మందు కదా అని సైడ్ ఎఫెక్ట్స్ ఉండవనుకోవద్దు. ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ వాడేటప్పుడు కొత్తగా పొడి దగ్గు, ఆయాసం, జ్వరం వస్తే జలుబేలే అని ఊరుకోకుండా అదే రోజు చెప్పాలి, ఊపిరితిత్తుల్లో వాపు కావచ్చు.

ఇమ్యునోథెరపీలో పీడీ-1 అంటారు, అదీ రిసెప్టరేనా?

రిసెప్టరే, కానీ క్యాన్సర్ కణం మీద కాదు, మన రోగనిరోధక కణాలైన టీ కణాల మీద ఉండే బ్రేకు. క్యాన్సర్ కణం పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ చూపించి ఆ బ్రేకు తొక్కుతుంది, మందు ఆ కాలు తీసేయిస్తుంది. పీడీ-1 మీద పనిచేసిన తసుకు హోంజోకి, అలాంటిదే ఇంకో బ్రేకు సీటీఎల్ఏ-4 మీద పనిచేసిన జేమ్స్ ఆలిసన్‌కి 2018లో నోబెల్ ఇచ్చారు.

రొమ్ము క్యాన్సర్‌కి మందిస్తూ గుండెకి ఎకో ఎందుకు తీస్తారు?

గుండె కండరానికి కూడా హెర్2 కావాలి, ఒత్తిడి తట్టుకుని నిలదొక్కుకోవడానికి. ట్రాస్టుజుమాబ్ దాన్నీ అడ్డుకుంటుంది, దాంతో కొందరిలో గుండె పంపు చేసే శక్తి తగ్గుతుంది. డాక్సోరూబిసిన్ లాంటి కీమో మందుతో ఒకేసారి ఇస్తే ఈ ముప్పు బాగా పెరుగుతుందని మొదట్లోనే తెలిసింది, అందుకే మామూలుగా రెండూ కలిపి ఇవ్వరు. మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత సుమారు మూడు నెలలకోసారి ఎకో తీస్తారు. తగ్గిన శక్తి చాలామందిలో మందు ఆపితే తిరిగి వస్తుంది.

ముఖం నిండా మొటిమల్లా వచ్చాయి. మందు పడలేదా?

చర్మం తనను తాను కొత్తగా చేసుకోవడానికి ఈజీఎఫ్ఆర్ వాడుకుంటుంది, ఈజీఎఫ్ఆర్ మీద పనిచేసే మందు దాన్నీ అడ్డుకుంది కాబట్టి ఈ దద్దుర్లు. అలర్జీ కాదు, మామూలు మొటిమలూ కాదు, వాటికి వాడే ఘాటు క్రీములు పూస్తే ఇంకా మండుతుంది. ఈజీఎఫ్ఆర్‌ని మూసే యాంటీబాడీ సెటుక్సిమాబ్ వాడినప్పుడు దద్దుర్లు బాగా వచ్చినవాళ్లలో మందు కూడా బాగా పనిచేసిన సందర్భాలు ఎక్కువ. అలాగని రాకపోతే పనిచేయడం లేదని తేల్చేయొద్దు.

మాత్రలతో పాటు గ్యాస్ బిళ్ల వేసుకోవచ్చా?

అడక్కుండా వద్దు. గెఫిటినిబ్, ఎర్లోటినిబ్ అనే ఈజీఎఫ్ఆర్ మాత్రలు కరగాలంటే పొట్టలో ఆమ్లం ఉండాలి, గ్యాస్ బిళ్ల దాన్ని తగ్గిస్తే మందు ఒంటికి సరిగా పట్టదు. ఎర్లోటినిబ్ వాడేవాళ్లు పొగ తాగినా రక్తంలో మందు తగ్గిపోతుంది.

## మందు పనిచేయనప్పుడు

రిసెప్టర్ ఉంది, దానికి మందూ ఉంది, కానీ మీకు పనిచేయదు అన్నారు. ఇదేం లాజిక్?

రిసెప్టర్ ఉండటం వేరు, కణం దాని మీదే ఆధారపడి బతకడం వేరు. పెద్దపేగు క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ చాలామందికి ఉంటుంది, సెటుక్సిమాబ్ దాన్ని చక్కగా మూసేస్తుంది కూడా. కానీ ఆ కింద ఉండే కేరాస్ జీన్ మారిపోయి ఉంటే, పైనుంచి కబురు రాకపోయినా అది తనంతట తానే 'పెరుగు' అని చెబుతూ ఉంటుంది. అందుకే ముందు కేరాస్, ఎన్‌రాస్ టెస్టులు, తర్వాతే ఈ మందు.

దీనికి తిరగేసిన కథ ఇంకోటి ఉంది, నాకు చాలా ఇష్టం. ముందు చెప్పిన రాఫ్ వరుసలోని బీరాఫ్ జీన్‌లో వీ600ఈ అనే మార్పు మెలనోమాలో (ఒక రకం చర్మ క్యాన్సర్) ఉంటే, బీరాఫ్‌ని ఆపే మాత్ర గడ్డని ఇట్టే కరిగించేది. అదే మార్పు పెద్దపేగు క్యాన్సర్‌లో ఉంటే అదే మాత్ర దాదాపు ఏమీ చేయలేదు. కారణం 2012లో తెలిసింది. కింద బీరాఫ్‌ని ఆపగానే పేగు కణం పైన ఈజీఎఫ్ఆర్‌ని మేల్కొలిపి పక్క దారిలో పని కానిచ్చేస్తోంది. మెలనోమా కణాలకి ఈజీఎఫ్ఆర్ తక్కువ కాబట్టి వాటికి ఆ దారి లేదు. దాంతో పేగు క్యాన్సర్‌లో బీరాఫ్ మాత్ర ఎన్‌కోరాఫెనిబ్‌నీ సెటుక్సిమాబ్‌నీ కలిపి ఇస్తే పనిచేసింది, 2020లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఒంటరిగా ఏదీ చాలని చోట రెండు తలుపులూ ఒకేసారి మూయాల్సి వచ్చిందన్నమాట.

ఏడాది బాగా పనిచేసిన మాత్ర ఇప్పుడు ఎందుకు పనిచేయట్లేదు? ఒంటికి అలవాటైపోయిందా?

ఒంటికి కాదు, గడ్డకి. కోట్ల కణాల్లో ఏవో కొన్ని మందుకి లొంగని మార్పుతో ఉంటాయి, లొంగేవన్నీ చచ్చిపోయాక అవే మిగిలి పెరుగుతాయి. గెఫిటినిబ్, ఎర్లోటినిబ్ వాడినవాళ్లలో సగానికి పైగా టీ790ఎం అనే మార్పు ఇలా వస్తుంది, మందు కూర్చునే చోటే మారిపోతుంది. దాన్ని దాటడానికి ఒసిమెర్టినిబ్ చేశారు, దానికి 2015లో అనుమతి వచ్చింది. ఆ మాత్ర రిసెప్టర్‌లో 797వ చోట ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని గట్టిగా పట్టుకుంటుంది, కణం కొన్నిసార్లు ఆ సిస్టీన్‌నే మార్చేసుకుంటుంది. ఇంకొన్నిసార్లు ఈజీఎఫ్ఆర్‌ని వదిలేసి మెట్ అనే వేరే రిసెప్టర్‌ని పెంచుకుంటుంది. మీరు మాత్ర ఒకరోజు మర్చిపోవడం వల్లే ఇదంతా జరిగిందని తప్పు మీద వేసుకోకండి, ఈ ప్రశ్న అడిగేవాళ్లలో చాలామంది మనసులో అదే ఉంటుంది.

జబ్బు తిరగబెట్టింది. ఒకసారి చేసిన బయాప్సీ మళ్లీ ఎందుకు?

రిసెప్టర్లు మారతాయి. మొదట హెర్2 పాజిటివ్ ఉన్నది కాలేయంలో తేలేసరికి నెగెటివ్ కావచ్చు, అటుది ఇటూ కావచ్చు. ఈజీఎఫ్ఆర్ ఊపిరితిత్తుల క్యాన్సర్ కొద్దిమందిలో స్మాల్ సెల్ అనే వేరే రకంగా మారిపోతుంది, దానికి వైద్యమే వేరు, రక్త పరీక్షలో అది దొరకదు, స్లైడ్ మీద చూస్తేనే తెలుస్తుంది.

పాత రిపోర్టులు దాచాం, అవి చాలా?

రిపోర్టు కాగితంతో పాటు మైనం బ్లాకు ఎక్కడుందో కూడా తెలుసుకుని పెట్టుకోండి. చిన్న అగ్గిపెట్టె అంత కూడా ఉండదు, కానీ కొత్త టెస్టు వచ్చినప్పుడు మళ్లీ కోసి చూడటానికి పనికొచ్చేది అదే, మొన్నటిదాకా నెగెటివ్ గంపలో ఉన్న ఎన్నో పాత బ్లాకుల్ని 'హెర్2 లో' కోసం మళ్లీ బయటికి తీశాం. వేరే ఆసుపత్రికి మారేటప్పుడు ల్యాబులో అడిగి, రసీదు తీసుకుని పట్టుకెళ్లండి. ఎండలో, వేడి కారులో మాత్రం వదిలేయకండి, మైనం కరుగుతుంది.